తమక షెడ్డుల్లో పనికొచ్చే స్టీలు స్కేలు: కొనేముందు ఏం చూడాలి

తమక అనగానే ఎక్కువమందికి గుర్తొచ్చేది దేవరాజ అరసు మెడికల్ కాలేజీ, జాలప్ప ఆసుపత్రి. కానీ మన ఇళ్ళల్లో చాలా పొయ్యిలు వెలిగేది అక్కడి పారిశ్రామిక వాడలోని చిన్న షెడ్ల మీదే. లేతు పని, వెల్డింగు, షీట్ మెటల్, గ్రిల్లులు, ట్రాలీలు చేసే షెడ్లు అవి. కోలారులో ఐటీఐ ముగించుకున్న పిల్లలు మొదటి జీతం తీసుకునేది అక్కడో, నరసాపురలోనో, వేమగల్లులోనో. పనిలో చేరే పిల్లవాడికి ఇంట్లోవాళ్ళు కొత్త బూట్లు, టిఫిన్ క్యారియర్ కొనిస్తారు. కొలిచే స్కేలు సంగతి ఎవరికీ పట్టదు. "తాతది ఉంది కదా, తీసుకుపో" అంటారు.

తాతది ఉంటుంది నిజమే. కె.జి.ఎఫ్. గనుల వర్క్‌షాపుల్లో పనిచేసిన మన కుటుంబాల్లో ఇలాంటి స్కేళ్ళు ఇంకా చాలా చోట్ల కనిపిస్తాయి. గట్టి ఉక్కు, లోతుగా చెక్కిన గీతలు, ఇంగ్లండు ముద్ర. కానీ వాటిలో ఎక్కువ భాగం అంగుళాల స్కేళ్ళు. 1880లో జాన్ టేలర్ కంపెనీ ఇక్కడికి వచ్చినప్పటి నుంచి గనుల్లో లోతు, పట్టా, పైపు, బోల్టు అన్నీ అడుగుల్లో, అంగుళాల్లోనే నడిచాయి. మన దేశంలో మెట్రిక్ కొలతలకు 1956లో చట్టం వచ్చింది, 1960ల మొదట్లో అమలు ఊపందుకుంది. అయినా ఇంగ్లండు నుంచి తెచ్చిన యంత్రాలు ఉన్నంత కాలం వాటి మరమ్మతు అంగుళాల్లోనే చేయాల్సి వచ్చింది. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. స్కేళ్ళు మాత్రం అటకల మీద మిగిలాయి, వాటితో పాటు నోటి లెక్కలు కూడా.

ఆ నోటి లెక్కలే ప్రమాదం. మన పెద్దలు అంగుళంలో ఎనిమిదో వంతును నూలు అంటారు, హిందీవాళ్ళు సూత్ అంటారు. కట్టడాల దగ్గర మూడు సూత్‌ల కమ్మి అంటే పది మిల్లీమీటర్లని, నాలుగంటే పన్నెండని వాడుక. కమ్మి కొనడానికి ఆ లెక్క చాలు. కానీ నూలు అంటే 3 మి.మీ. కాదు, 3.175 మి.మీ. అంగుళం 25 కాదు, 25.4. రెండడుగులు అంటే 600 కాదు, 609.6.

నాకు తెలిసిన ఒక ఇంటి పిల్లవాడు కొత్తగా షెడ్డులో చేరిన నెలలోనే ఈ తేడా నేర్చుకున్నాడు. పాత ర్యాకులకు కొత్త కాళ్ళు చేయాలి. పెద్ద మేస్త్రి దూరం నుంచే "రెండడుగులు కొయ్యి నాయినా" అన్నాడు. వీడు 600 పెట్టి 32 కాళ్ళు కోసేశాడు. పాత ర్యాకులు అసలైన ఇరవై నాలుగు అంగుళాలవి. ఒక్కో కాలు దాదాపు సెంటీమీటరు పొట్టి. కోసిన పైపును అతికించలేం. మేస్త్రి "నేను చెప్పింది రెండడుగులే కదా" అన్నాడు, వీడు "నేను కోసింది రెండడుగులే కదా" అన్నాడు. ఇద్దరిదీ తప్పు కాదన్నట్టే ఉంటుంది గానీ, నష్టంలో సగం జీతంలోంచి పోయింది.

కాబట్టి మొదటి మాట. పనికి తీసుకెళ్ళే స్కేలు రెండు వైపులా మెట్రిక్ గీతలే ఉన్నదై ఉండాలి. ఒక అంచు అంగుళాలు, ఇంకో అంచు మిల్లీమీటర్లు ఉన్న స్కేలు అంగడిలో సులభంగా దొరుకుతుంది, "రెండూ ఉంటే మంచిదే కదా" అనిపిస్తుంది. కానీ తల కిందులుగా పెట్టి, హడావుడిలో తప్పు అంచు చదివేది ఇలాంటి స్కేలుతోనే. ఒక అంచు 1 మి.మీ. గీతలు, ఇంకో అంచు 0.5 మి.మీ. గీతలు ఉన్నది తీసుకోండి. అర మిల్లీమీటరు కన్నా సన్నగా స్కేలు మీద చదవాలని చూడటం కళ్ళకు శిక్ష. అంతకన్నా కచ్చితంగా కావాలంటే వెర్నియర్ పట్టుకోవాలి.

పొడవు విషయం తొందరగా తేల్చేయొచ్చు. జేబులో పెట్టుకోవడానికి 150 మి.మీ., బల్ల మీద పనికి 300 మి.మీ. ఈ రెండూ ఉంటే కొత్తవాడికి తొంభై శాతం పని జరుగుతుంది. జేబులోది కొంచెం వంగే పల్చని రకమైతే గుండ్రటి పైపు మీద కూడా ఆనుతుంది. 300ది మాత్రం వంగనిదై ఉండాలి, సుమారు ఒక మిల్లీమీటరు మందం ఉంటే చాలు. 600, 1000 షెడ్డువాళ్ళే ఉంచుతారు.

ఇక నాణ్యత. ఇక్కడే కొంచెం ఆగాలి, ఎందుకంటే దూరం నుంచి చూస్తే అన్ని స్కేళ్ళూ ఒకేలా మెరుస్తాయి.

ముందు గీతలు చూడండి. మంచి స్కేలు గీతలు ఉక్కులోకి దిగి ఉంటాయి, ఆమ్లంతో గానీ యంత్రంతో గానీ చెక్కి, లోపల నల్లరంగు నింపుతారు. చవక రకంలో గీతలు పైన అచ్చు వేసినవి. గోరును గీతలకు అడ్డంగా మెల్లగా లాగితే చెక్కినవి గరగరమని తగులుతాయి, అచ్చువి జారిపోతాయి. అచ్చు గీతలు కూలెంట్, థిన్నర్, చెమట తగిలి కొన్ని నెలల్లోనే మాసిపోతాయి. మొదట మాసేది ఎప్పుడూ 0 నుంచి 50 మధ్యే, అంటే మనం ఎక్కువ వాడే చోటే. గీత అంచు దాకా వచ్చి ఆగాలి. అంచుకు ముందే ఆగిన గీతతో సూదిమొన పెట్టి గుర్తు వేయడం కష్టం.

పైపూత సంగతి. అద్దంలా మెరిసేది అంగడిలో అందంగా ఉంటుంది, ట్యూబులైటు కింద మాత్రం కళ్ళలో కొడుతుంది. మెరుపు లేని మసక వెండిరంగు పూత ఉన్నది తీసుకోండి. దాన్నే సాటిన్ క్రోమ్ అంటారు. నలభై దాటిన వాళ్ళకు ఈ తేడా ఇంకా బాగా తెలుస్తుంది.

ఉక్కు గురించి మనవాళ్ళలో ఒక నమ్మకం ఉంది: అయస్కాంతం పట్టకపోతేనే అసలైన స్టెయిన్‌లెస్ అని. గిన్నెలకు ఆ లెక్క కొంతవరకు సరే. స్కేళ్ళకు సరిపోదు. వేడిచేసి గట్టిపరిచే స్టెయిన్‌లెస్ రకాలకు అయస్కాంతం బాగా పడుతుంది, మంచి స్కేళ్ళలో చాలా వాటికి వాడేది అలాంటి ఉక్కునే. కాబట్టి అయస్కాంతం పట్టిందని స్కేలును పక్కన పెట్టకండి. దానికి బదులు 150 స్కేలును రెండు చేతుల్లో పట్టుకుని కొద్దిగా విల్లులా వంచి వదలండి. టక్కున తిన్నగా రావాలి. వంపు మిగిలిందంటే అది గట్టిపరచని రేకు.

అన్నింటికన్నా ముఖ్యమైనది సున్నా ఉన్న కొన. స్టీలు స్కేలుకు సున్నా గీత వేరుగా ఉండదు, కొనే సున్నా. ఆ కొన వంకరగా ఉన్నా, అరిగినా, కిందపడి గుండ్రమైనా ప్రతి కొలతా తప్పే. కొన నున్నగా, మూలలు పదునుగా ఉండాలి. ఒక మూలమట్టం పెట్టి వెలుతురుకు ఎత్తి చూస్తే సందు కనిపించకూడదు. పాత స్కేలు వాడక తప్పనప్పుడు అనుభవమున్న మేస్త్రులు సున్నా నుంచి కొలవరు, 10 గీత నుంచి మొదలుపెట్టి చివర్లో పది తీసేస్తారు. మంచి అలవాటే, కానీ ఆ పది తీసేయడం మరిచిపోయి ముక్క పారేసుకున్నవాళ్ళు కూడా ఉన్నారు.

గీతల కచ్చితత్వాన్ని అంగట్లోనే కొంతవరకు చూడొచ్చు. సంగతి తెలిసిన అంగడివాడి దగ్గర వెర్నియర్ ఉంటుంది. దాన్ని సరిగ్గా 100.00కి తెరిచి బిగించమనండి. దాని మొనలను స్కేలు మీద 10, 110 గీతల మీద, తర్వాత 150, 250 మీద ఆనించండి. రెండుచోట్లా గీత మధ్యలోనే కూర్చోవాలి. రెండు స్కేళ్ళు పక్కపక్కన పెట్టి గీతలు కలుస్తున్నాయా అని చూడటం కూడా మంచిదే. కాకపోతే రెండూ ఒకే కంపెనీ, ఒకే మూసవి అయితే ఇద్దరు అన్నదమ్ములు ఒకరికొకరు సాక్ష్యం చెప్పినట్టు ఉంటుంది. వేరే కంపెనీది తెచ్చి పోల్చండి.

అంచు తిన్నగా ఉందో లేదో తెలుసుకోవడానికి ఒక కాగితం, సన్న మొన పెన్సిలు చాలు. అంచు వెంట గీత గీయండి. స్కేలును బోర్లించి, అదే అంచును అవే రెండు చివరి చుక్కలకు ఆనించి మళ్ళీ గీయండి. మధ్యలో సందు కనిపిస్తే అసలు వంకర అందులో సగం.

ముద్రల విషయానికి వస్తే, ఇంజనీర్లు వాడే మెట్రిక్ స్టీలు స్కేళ్ళకు మన భారతీయ ప్రమాణం ఐఎస్ 1481. స్కేలు మీదో, కవరు మీదో ఆ అంకె ఉందేమో చూడండి. బయటి దేశాలవాటి మీద గుండ్రటి గడిలో రోమన్ ఒకటి లేదా రెండు ఉండవచ్చు. ఐరోపా నిబంధనల ప్రకారం మీటరు లోపు పొడవుకు ఒకటో తరగతిలో 0.2 మి.మీ., రెండో తరగతిలో 0.5 మి.మీ. దాకా తేడా ఒప్పుకుంటారు. అంటే ముద్ర ఉన్నా సరే, రెండో తరగతి స్కేలు అర మిల్లీమీటరు తప్పు చెప్పవచ్చు. ముద్ర చూసి పరీక్ష మానేయకండి.

కంపెనీ పేర్లలో మన దేశంలో క్రిస్టీల్ షెడ్లన్నిటిలో కనిపిస్తుంది. జపానువి మిటుటోయో, షిన్వా, అమెరికాది స్టారెట్. కొత్తగా చేరేవాడికి విదేశీది అవసరం లేదు, మంచి స్వదేశీ 300 స్కేలు కొన్ని వందల్లోనే వస్తుంది. కోలారు, రాబర్ట్‌సన్‌పేట అంగళ్ళలో దొరక్కపోతే బెంగుళూరు ఎస్‌.పి. రోడ్డులో దొరుకుతుంది. బడి పిల్లల స్టేషనరీ అంగడిలో మాత్రం కొనొద్దు. అక్కడి స్టీలు స్కేలు నోటుబుక్కులో మార్జిన్ గీయడానికి, అంతే.

ఎండ గురించి అడిగేవాళ్ళు ఉంటారు. కొలత పరికరాలన్నీ 20 డిగ్రీల వేడి దగ్గర సరిగ్గా ఉండేలా చేస్తారు. 35 డిగ్రీల షెడ్డులో 300 స్కేలు సుమారు 0.05 మి.మీ. సాగుతుంది. కొలిచే ఇనుము కూడా దాదాపు అంతే సాగుతుంది కనుక స్కేలు పనిలో ఇది పట్టించుకోనక్కర్లేదు. అల్యూమినియం అయితే రెండింతలు సాగుతుంది, పొడవాటి ముక్కలప్పుడు మాత్రం గుర్తుంచుకోండి.

మంచి స్కేలు చేతిలో ఉన్నా రెండు పొరపాట్లు దాన్ని చెడగొడతాయి. ఒకటి పక్క చూపు. స్కేలు మందంగా ఉంటే గీత పైన, పని కింద ఉంటుంది, పక్కనుంచి చూస్తే అర మిల్లీమీటరు తేలిగ్గా తప్పుతుంది. స్కేలును అంచు మీద నిలబెట్టి గీతను పనికి తాకించి, తిన్నగా పైనుంచి చదవాలి. రెండోది రంధ్రాల వరస. 25 మి.మీ. దూరంలో పది రంధ్రాలు గుర్తు వేయాలంటే చాలామంది ఒక్కో 25 విడిగా కొలుచుకుంటూ పోతారు. ఒక్కోసారి 0.3 తప్పినా, తప్పులన్నీ ఒకే వైపుకైతే పదో రంధ్రానికి మూడు మిల్లీమీటర్లు. స్కేలును ఒకే చోట పెట్టి 25, 50, 75 అని వరుసగా వేస్తే ప్రతి గుర్తుకూ దాని తప్పు దానికే.

పెద్ద కంపెనీల్లో పని దొరికిన పిల్లలకు ఒక మాట. అక్కడ సరుకు పాసా, రిజెక్టా అని తేల్చే చోట సొంత స్కేలు వాడనివ్వకపోవచ్చు. ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉన్న ల్యాబులో సరిచూసి, తేదీ చీటీ అంటించిన స్కేలే చెల్లుతుంది. అవమానం అనుకోకండి, మేనేజరు స్కేలుకైనా అదే నియమం.

స్కేలుతో పెయింటు డబ్బా మూత తీయడం, స్క్రూ తిప్పడం, చిప్పులు గీకడం చేస్తే సున్నా కొన పోతుంది. అయస్కాంతపు స్టాండు పక్కన పెడితే ఇనుప రజను పట్టుకుని వదలదు. సాయంత్రం నూనె గుడ్డతో ఒకసారి తుడిచి, చివరి రంధ్రానికి మేకు తగిలించి వేలాడదీయండి.

తాత స్కేలును పాత ఇనుపవాడికి ఇవ్వొద్దు. మన ఊళ్ళలో పాత లేతులు, పంపులు, పిండి మిల్లులు ఇంకా తిరుగుతున్నాయి, వాటిలో విట్‌వర్త్ మరలు, అంగుళాల షాఫ్టులు ఉన్నాయి. అలాంటి మరమ్మతు వచ్చిన రోజు అదే సరైన స్కేలు. దాని వెనక ఎర్ర పెయింటుతో "అంగుళాలు" అని పెద్దగా రాసి, కొత్తదానికి దూరంగా వేరే మేకుకు తగిలించండి.