ఓపిక డబ్బాలో ఉందా?

సోమవారం మీటింగులో ఎడిటర్ గారు రెండు ముక్కల్లో తేల్చేశారు. "ఆగస్టులో మారథాన్. పరుగులో ఏం తినాలి, ఏం తాగాలి, అదే కవర్ స్టోరీ. గురువారం పొద్దున్నకి పేజీ వెళ్లిపోవాలి." జెల్స్, ప్రొటీన్ బార్లు, రంగు సీసాలు, మధ్యలో చెమట కారుతున్న ఓ మొహం. ఆయన మనసులో ఉన్న ముఖచిత్రం అది. నేనూ అవే వెతుక్కుంటూ సికింద్రాబాద్ మోండా మార్కెట్ దగ్గర ఓ మందుల షాపు మెట్లెక్కాను. కౌంటర్ మీద రెండు వస్తువులు పక్కపక్కన పెట్టించుకుని చూశాక జెల్స్ సంగతి మర్చిపోయాను.

ఒకటి తెల్లపొడి ప్యాకెట్. రెండోది నారింజపండు బొమ్మ వేసిన అట్టడబ్బా, పక్కన అతికించిన స్ట్రాతో సహా.

"రెండు ఓఆర్ఎస్సే సార్. పొడి చిన్నపిల్లలకు తీస్కపోతరు. పొద్దుగాల ఉరికేటోళ్లు గీ జ్యూసే అడుగుతరు" అన్నాడు షాపాయన.

రెండూ ఒకటి కావు. ప్యాకెట్ వెనక అక్షరాలకి నా కళ్లజోడు చాల్లేదు, ఫోన్‌తో ఫొటో తీసి పెద్దది చేసుకుని చదివాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అది. లీటరు నీటికి గ్లూకోజు 13.5 గ్రాములు, ఉప్పు 2.6, పొటాషియం క్లోరైడ్ 1.5, ట్రైసోడియం సిట్రేట్ 2.9. మొత్తం 20.5 గ్రాములు. ఈ పాళ్లు ఊరికే పెట్టినవి కావు. చిన్నపేగు గోడలో సోడియం, గ్లూకోజు జంటగా దూరే దారి ఒకటుంది. ఆ జంట లోపలికి వెళ్తే నీళ్లు వాటి వెంటే వెళ్తాయి. చక్కెర మరీ ఎక్కువైతే కథ తిరగబడి ఒంట్లోని నీళ్లే పేగులోకి వచ్చేస్తాయి. విరేచనాలతో వాడిపోయిన పిల్లాడికి అది ప్రాణం మీదికి తెస్తుంది.

ఈ తేడా మీదే హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఎనిమిదేళ్లు కొట్లాడారు. లీటరుకు 120 గ్రాముల దాకా చక్కెర ఉన్న పానీయాలు ఓఆర్ఎస్ పేరు తగిలించుకుని అమ్ముడుపోతున్నాయని ఆవిడ వాదన. అంటే అసలు లెక్కకు దాదాపు తొమ్మిది రెట్లు. 2022లో తెలంగాణ హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేశారు. అదే ఏడాది జులైలో ఆహార ప్రమాణాల సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ, 'ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫార్సు చేసిన ఓఆర్ఎస్ ఫార్ములా కాదు' అని డబ్బా మీద రాస్తే చాలు, పేరు వాడుకోవచ్చంది. ముందువైపు ఓఆర్ఎస్, దానికింద ఇది ఓఆర్ఎస్ కాదనే వాక్యం! ఇంతకంటే నవ్వొచ్చే డాక్యుమెంటు నా ఉద్యోగంలో చూళ్లేదు. చివరికి 2025 అక్టోబరు 14న ఆ సంస్థే ఆ అనుమతులు ఎత్తేసి, ఫార్ములా లేని పానీయాలకు ఆ పేరు కుదరదని తేల్చింది.

మరి పరుగుకీ దీనికీ సంబంధం? ఉంది, అదీ తలకిందులుగా. పిల్లాడికి చేటు చేసే చక్కెరే రెండు గంటలు పరుగెత్తినవాడికి కావాలి. అసలైన ఓఆర్ఎస్ లీటరు మొత్తం తాగినా వచ్చేది 54 కేలరీలు. అరవై కిలోల మనిషి కిలోమీటరు పరుగెత్తితే ఖర్చయ్యేది సుమారు అరవై. పరేడ్ గ్రౌండ్స్ దగ్గర లీటరు తాగి బయల్దేరితే దగ్గర్లోనే ఉన్న ప్యారడైజ్ కూడలి చేరేసరికి ఖాళీ! ఓఆర్ఎస్ నీళ్లనీ ఉప్పునీ తిరిగిస్తుంది, ఓపికనివ్వదు. ఓపిక కోసం వేరే ఏదో తినాలి. ఇంత చిన్న సంగతి, నాలుగేళ్లుగా పరుగెత్తుతున్న నాకే తెలీదు. లాంగ్ రన్‌లో ఓఆర్ఎస్ బాటిల్ పట్టుకుని, కాళ్లెందుకు కట్టెలైపోతున్నాయో అర్థంకాక షూస్ మార్చుకున్నాను.

ఏం తినాలో మా పరుగు జట్టులోని పెద్దాయన్ని అడిగాను. రైల్వేలో రిటైరయ్యి లాలాగూడలో ఉంటారు. నడుముకి కట్టుకున్న పర్సులోంచి ప్లాస్టిక్ కవరు తీసి చూపించారు. బెల్లం ముక్కలు. ఉక్కకి, ఆయన చెమటకి కరిగి కవరుకి అంటుకుపోయి, అంచున నల్లగా పాకం. గోటితో గీకి నోట్లో వేసుకుని, రెండు గుక్కల నీళ్లు తాగి అన్నారు: "గా జెల్ల ఉన్నదేంది, గిండ్ల ఉన్నదేంది తమ్మీ? చెక్కరనే గద."

లెక్క వేస్తే ఆయన మాట నిజమే. జెల్ ప్యాకెట్‌లో 20 నుంచి 25 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది, పాతిక గ్రాముల బెల్లంలోనూ దాదాపు అంతే. కాకపోతే ముప్ఫై కిలోమీటర్లు దాటాక దవడ ఆడదు, గోటికి ఓపిక ఉండదు. అప్పుడు జెల్ జారిపోతుంది, బెల్లం జారదు. జెల్స్ అంటే నాకు గిట్టకపోయినా ఇది ఒప్పుకోవాలి. నాకు ప్రాణమైన పల్లీ పట్టి సంగతీ అంతే. పోయినేడు ట్యాంక్‌బండ్ మీద పరుగెత్తుతూ తిని, పలుకు గొంతుకడ్డం పడి, రెయిలింగ్ పట్టుకుని దగ్గుతూ నిలబడ్డాను. పల్లీల్లో కొవ్వు ఎక్కువ, పొట్టలోంచి ఓ పట్టాన కదలదు. అది పరుగయ్యాక తినేది.

చరిత్ర కూడా రాయమన్నారు కాబట్టి గబగబా: 1904 సెయింట్ లూయీ ఒలింపిక్ మారథాన్ విజేత థామస్ హిక్స్‌కి దారిలో స్ట్రిక్నిన్, కోడిగుడ్డు తెల్లసొన, బ్రాందీ పట్టారు, 1965లో ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో రాబర్ట్ కేడ్ బృందం ఫుట్‌బాల్ ఆటగాళ్ల కోసం గేటరేడ్ కలిపింది, 1971లో బంగ్లాదేశ్ శరణార్థులకు బన్‌గావ్‌లో డాక్టర్ దిలీప్ మహలనబిస్ డ్రమ్ముల్లో ఓఆర్ఎస్ కలిపి కలరా నుంచి వేలమందిని కాపాడారు. ఇక చాలు.

పర్సులో ఏముండాలి?
గంటలోపు పరుగుకి నీళ్లు చాలు. అది దాటితే గంటకి 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం. ఓ మాదిరి అరటిపండులో 27 దాకా ఉంటుంది. రెండున్నర గంటలు మించితే, అలవాటున్నవాళ్లు 90 దాకా వెళ్తారు. పండ్లరసం డబ్బా అయితే సగం నీళ్లు కలపండి, చిక్కగా తాగితే పొట్ట తిప్పుతుంది. కొబ్బరి బొండంలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ, కాబట్టి చిటికెడు ఉప్పు వేసుకోవాలి. లీటరు ఓఆర్ఎస్ ప్యాకెట్‌ని గ్లాసులో కలిపి గుటుక్కుమనిపించేవాళ్లని చూశాను. వద్దు. సైకిల్ వాళ్ల అదృష్టం వేరు. బ్రెవె అనే 200 కిలోమీటర్ల సైకిల్ సవారీకి పదమూడున్నర గంటలు గడువు, పొట్ట కుదుపు తక్కువ, దారిలో ఆగి ఇడ్లీ తినొచ్చు.

నీళ్లూ ఎక్కువైతే
2002 బోస్టన్ మారథాన్‌లో 488 మంది రక్తం పరీక్షిస్తే 13 శాతం మందిలో సోడియం ప్రమాణం కన్నా తగ్గి కనిపించింది. తాగింది తక్కువై కాదు, ఎక్కువై. పరుగు ముగిసేసరికి బరువు పెరిగారంటే అనుమానించాల్సిందే. దాహాన్ని బట్టి తాగండి.

బుధవారం సాయంత్రం, పేజీ పెట్టే ముందు, అనుమానం తీరక మళ్లీ మోండా మార్కెట్‌కి వెళ్లాను. అదే నారింజపండు, అదే స్ట్రా. అప్పుడు ప్యాకెట్ వెనకవైపు చదివే తొందరలో డబ్బా ముందువైపు సరిగ్గా చూడనేలేదు. పేరులో ఓఆర్ఎస్ లేదు, కంపెనీ మార్చేసింది. ఈలోగా ట్రాక్‌సూట్‌లో ఓ కుర్రాడు వచ్చి కౌంటర్ మీద చెయ్యి వేశాడు.

"అన్నా, రెండు ఓఆర్ఎస్."

షాపాయన అటు తిరక్కుండానే నారింజ డబ్బాలు రెండు తీసిచ్చాడు.