పాత డీజిల్ పికప్‌కి బ్రేక్ అప్‌గ్రేడ్: వాక్యూమ్ బూస్టర్ తీసేసి హైడ్రోబూస్ట్ పెడితే ఏం మారుతుంది?

ముందు ఒక చిన్న లెక్క చూద్దాం. మీ ఫోన్‌లోని 5000 ఎంఏహెచ్ బ్యాటరీ ఫుల్ ఛార్జ్‌లో ఉంటే అందులో దాదాపు 69 కిలోజౌల్స్ ఎనర్జీ ఉంటుంది. ఇప్పుడు 3 టన్నుల పికప్ ట్రక్కు, దాని వెనకాల 4 టన్నుల ట్రెయిలర్, గంటకి 60 మైళ్ల స్పీడు అనుకోండి. ఆ మొత్తం బరువులో ఉన్న కదలిక శక్తి సుమారు 2.5 మెగాజౌల్స్. అంటే 36 ఫోన్ బ్యాటరీల ఎనర్జీ. బ్రేక్ తొక్కిన కొన్ని సెకన్లలో అదంతా వేడిగా మారిపోవాలి. మారకపోతే ఏమవుతుందో విడిగా చెప్పక్కర్లేదు.

అందుకే అమెరికాలో పాత డీజిల్ పికప్‌లు వాడేవాళ్లు ఇంజిన్ పవర్ పెంచే ముందు బ్రేకుల సంగతి చూసుకుంటారు. 1989లో డాడ్జ్ రామ్‌లో 5.9 లీటర్ల కమిన్స్ డీజిల్ ఇంజిన్ వచ్చింది. కాగితం మీద 160 హార్స్‌పవరే, కానీ టార్క్ 400 పౌండ్-ఫీట్. ఇంజిన్ కంట్రోల్ కంప్యూటర్ లేదు, అంతా మెకానికల్. ఆ ఇంజిన్లు ఇప్పటికీ నడుస్తున్నాయి, ఇప్పటికీ ట్రెయిలర్లు లాగుతున్నాయి. ఇంజిన్‌కి వయసు మీద పడినట్టు అనిపించదు, బ్రేక్ పెడల్ దగ్గరే అది తెలిసిపోతుంది.

డీజిల్‌కి వాక్యూమ్ ఎక్కడి నుంచి వస్తుంది?

పెట్రోల్ ఇంజిన్‌లో గాలి లోపలికి వెళ్లే దారిలో థ్రాటిల్ ప్లేట్ ఉంటుంది. ఐడిల్‌లో అది దాదాపు మూసుకుని ఉంటుంది కాబట్టి ఇంటేక్ మానిఫోల్డ్‌లో వాక్యూమ్ దానంతట అదే ఏర్పడుతుంది. బ్రేక్ బూస్టర్ ఆ వాక్యూమ్‌నే వాడుకుంటుంది. ఒక రకంగా ఫ్రీ సర్వీస్ అన్నమాట.

ఆ తరం డీజిల్ ఇంజిన్‌లో థ్రాటిల్ ప్లేట్ లేదు. గాలి ఎప్పుడూ ఫుల్లుగా వెళ్తుంది, పవర్ ఎంత కావాలన్నది డీజిల్ మోతాదు తేలుస్తుంది. కాబట్టి వాక్యూమ్ ఉండదు, దానికోసం విడిగా ఒక పంపు పెట్టాలి. పాత కమిన్స్‌లో ఇది గేర్లతో తిరుగుతుంది, దాని వెనకాలే పవర్ స్టీరింగ్ పంపు బిగించి ఉంటుంది. కొన్ని ఫోర్డ్ డీజిల్స్‌లో బెల్టుతో తిరుగుతుంది. మన దగ్గర చాలా డీజిల్ బండ్లలో ఈ పంపు ఆల్టర్నేటర్ వెనక భాగంలో ఉంటుంది.

ఇక బూస్టర్ ఎంత బలం ఇస్తుందో చూద్దాం. 11 అంగుళాల డయాఫ్రమ్ తీసుకుంటే దాని వైశాల్యం సుమారు 613 చదరపు సెంటీమీటర్లు. పంపు 20 అంగుళాల మెర్క్యురీ వాక్యూమ్ ఇస్తే రెండు వైపులా ప్రెషర్ తేడా చదరపు సెంటీమీటర్‌కి 0.69 కిలోలు. రెండూ గుణిస్తే సుమారు 423 కిలోల తోపుడు. బాగానే ఉంది కదా అనిపిస్తుంది.

చిక్కు ఏంటంటే, ఈ బలం వాక్యూమ్‌ది కాదు. రెండో వైపు నుంచి నెడుతున్న బయటి గాలిది. ఎత్తుకి వెళ్లేకొద్దీ ఆ గాలి ఒత్తిడే తగ్గిపోతుంది. కొలరాడోలో ఐ-70 హైవే మీద ఐసెన్‌హోవర్ టన్నెల్ 11,000 అడుగులకు పైనే ఉంది. అక్కడ గాలి ఒత్తిడి సముద్రమట్టంలో ఉండేదానిలో మూడింట రెండు వంతులే. పై లెక్కలోని 423 కిలోలు కూడా దాదాపు అదే నిష్పత్తిలో పడిపోతుంది. అక్కడి నుంచి డెన్వర్ వైపు చాలావరకు దిగుడే. అంటే బ్రేకులు ఎక్కువగా కావాల్సిన చోటే బూస్టర్ తక్కువ పనిచేస్తుంది.

హైడ్రోబూస్ట్ ఎలా పనిచేస్తుంది?

ఇది బెండిక్స్ కంపెనీ 1970లలో తెచ్చిన సిస్టమ్. ఐడియా సింపుల్: పవర్ స్టీరింగ్ కోసం ఎలాగూ ఒక హైడ్రాలిక్ పంపు తిరుగుతోంది, దాని ప్రెషర్‌నే బ్రేకుకి కూడా వాడుకుందాం.

ఆ ప్రెషర్ మామూలుగా 1000 నుంచి 1500 పీఎస్ఐ ఉంటుంది. వాక్యూమ్ ఇచ్చే తేడా 10 పీఎస్ఐ కూడా ఉండదు. వంద రెట్లకు పైగా తేడా. అందుకే పెద్ద గుండ్రటి డబ్బా అక్కర్లేదు, చిన్న పిస్టన్ సరిపోతుంది. ఎత్తు మారినా దీనికి ఫరక్ పడదు.

ఆయిల్ దారి ఇలా ఉంటుంది: పంపు నుంచి హైడ్రోబూస్ట్‌కి, అక్కడి నుంచి స్టీరింగ్ గేర్ బాక్స్‌కి, తిరిగి రిజర్వాయర్‌కి. హైడ్రోబూస్ట్ నుంచి రిజర్వాయర్‌కి నేరుగా ఇంకో రిటర్న్ లైన్ కూడా ఉంటుంది. పెడల్ తొక్కితే లోపల స్పూల్ వాల్వ్ జరిగి, ఆయిల్‌ని బూస్టర్ పిస్టన్ వెనక్కి పంపుతుంది.

బ్యాకప్ కూడా ఉంది. పక్కన ఉండే అక్యుమ్యులేటర్‌లో ఆయిల్ ప్రెషర్ నిల్వ ఉంటుంది. ఇంజిన్ ఆగిపోయినా, బెల్ట్ తెగినా రెండు మూడు సార్లు పవర్ బ్రేక్ దొరుకుతుంది. మన భాషలో చెప్పాలంటే ఇదో చిన్న యూపీఎస్. అది అయిపోయాక కూడా బ్రేక్ పడుతుంది, కాకపోతే మొత్తం కాలి బలమే.

అప్‌గ్రేడ్ చేయాలంటే ఏమేం మార్చాలి?

1999 నుంచి వచ్చిన ఫోర్డ్ సూపర్ డ్యూటీ డీజిల్స్‌లో హైడ్రోబూస్ట్ ఫ్యాక్టరీ నుంచే వస్తుంది. జీఎం హెవీ డ్యూటీ ట్రక్కుల్లోనూ చాలాకాలంగా ఉంది. అందుకే స్క్రాప్ యార్డుల్లో యూనిట్లు దొరుకుతాయి, రీబిల్డ్ చేసినవీ అమ్ముతారు. కానీ ఇది ఫోన్ కేస్ మార్చినంత తేలిక పని కాదు. వీటిని చూసుకోవాలి.

1. ఫైర్‌వాల్ బ్రాకెట్, పుష్‌రాడ్: బోల్టుల ప్యాటర్న్ మ్యాచ్ అవ్వాలి. పెడల్ వైపు పుష్‌రాడ్ పొడవు సరిగ్గా ఉండాలి. పొడవు ఎక్కువైతే కాలు తీసినా బ్రేకు కొంచెం పట్టుకునే ఉంటుంది. అలాగే నడిపితే బ్రేకులు కాలిపోతాయి.

2. మాస్టర్ సిలిండర్ బోర్: అదే బలంతో తోస్తే చిన్న బోర్‌లో ప్రెషర్ ఎక్కువ వస్తుంది, కానీ పెడల్ ఎక్కువ దూరం దిగుతుంది. 1.3125 అంగుళాల నుంచి 1.125 అంగుళాలకు మారితే ప్రెషర్ 36 శాతం పెరుగుతుంది. ముందు చక్రాలకి పెద్ద క్యాలిపర్లు వేసి ఉంటే మాత్రం వాటిని నింపడానికి పెద్ద బోరే కావాలి. చూడటానికి బాగుంది కదా అని ఏదో ఒకటి తెచ్చి పెట్టకూడదు.

3. హోస్ పైపులు: ఇవి హై ప్రెషర్ లైన్లు. మామూలు రబ్బర్ పైపుకి క్లాంప్ బిగించి సరిపెట్టే పని కాదు. రెండో రిటర్న్ లైన్ కోసం రిజర్వాయర్‌కి ఇంకో పోర్ట్ లేదా టీ జాయింట్ కావాలి.

4. పంపు: పాత స్టీరింగ్ పంపు అరిగిపోయి ఉంటే, ఐడిల్‌లో స్టీరింగ్ తిప్పుతూ బ్రేక్ తొక్కినప్పుడు రెండూ బరువెక్కుతాయి. పార్కింగ్‌లో ఈ తేడా బాగా తెలుస్తుంది.

5. వాక్యూమ్ పంపు: బూస్టర్ తీసేశాం కదా అని దీన్ని కూడా పీకేయకండి. ఏసీ వెంట్లు, క్రూజ్ కంట్రోల్, కొన్ని 4x4 ట్రక్కుల్లో ముందు యాక్సిల్ ఎంగేజ్ చేసే మెకానిజం కూడా వాక్యూమ్ మీదే నడుస్తాయి. కమిన్స్‌లో అయితే స్టీరింగ్ పంపు తిరిగేదే దీని ద్వారా.

అన్నిటికంటే ముఖ్యమైన రూల్ ఒకటి ఉంది. హైడ్రోబూస్ట్‌లో ఉండేది స్టీరింగ్ ఆయిల్, మాస్టర్ సిలిండర్‌లో ఉండేది బ్రేక్ ఆయిల్. ఈ రెండూ పక్కపక్కనే ఉంటాయి, కానీ ఎప్పుడూ కలవకూడదు. పెట్రోలియం స్టీరింగ్ ఆయిల్ కొంచెం బ్రేక్ సిస్టమ్‌లో పడినా సీళ్లు ఉబ్బి పాడైపోతాయి. గరాటు కూడా రెండిటికీ ఒకటే వాడొద్దు. ఇంకొకటి: పాత హైడ్రోబూస్ట్ లైన్ విప్పే ముందు ఇంజిన్ ఆఫ్‌లో ఉంచి, పెడల్ రాయిలా గట్టిపడేదాకా చాలాసార్లు తొక్కి అక్యుమ్యులేటర్ ఖాళీ చేయాలి. లేకపోతే ఆయిల్ ప్రెషర్‌తో మొహం మీదికే వస్తుంది.

ఎయిర్ తీయడం, టెస్ట్ చేయడం

రిజర్వాయర్ నింపి, ఇంజిన్ స్టార్ట్ అవ్వకుండా డీజిల్ సప్లై కట్ చేసి కొన్ని సెకన్లు క్రాంక్ చేస్తారు. తర్వాత ముందు చక్రాలు జాకీ స్టాండ్ల మీద ఎత్తి, ఇంజిన్ స్టార్ట్ చేసి, స్టీరింగ్‌ని ఈ చివర నుంచి ఆ చివరకి నెమ్మదిగా రెండు సార్లు తిప్పాలి. ఇంజిన్ ఆపి, పెడల్ నాలుగైదు సార్లు తొక్కి, ఆయిల్ లెవెల్ చూసి, మళ్లీ మొదటి నుంచి చేయాలి. ఆయిల్‌లో నురగ కనిపిస్తే గంటసేపు వదిలేయండి. తొందరపడి లాభం లేదు.

టెస్ట్ చాలా తేలిక. ఇంజిన్ ఆఫ్‌లో పెడల్ పదే పదే తొక్కి అక్యుమ్యులేటర్ ఖాళీ చేయండి. పెడల్ మీద మోస్తరుగా కాలు నొక్కి ఉంచి ఇంజిన్ స్టార్ట్ చేయండి. పెడల్ కొంచెం కిందికి దిగి, వెంటనే కాలిని పైకి నెట్టినట్టు అనిపిస్తే హైడ్రోబూస్ట్ పనిచేస్తున్నట్టే. రెండో టెస్ట్: ఇంజిన్ ఆపి గంట తర్వాత తొక్కి చూడండి. మొదటి తొక్కుకే పెడల్ గట్టిగా ఉంటే అక్యుమ్యులేటర్ ప్రెషర్ లీక్ అవుతోందని అర్థం.

ఎలక్ట్రిక్ బూస్టర్ పెడితే?

గ్యాడ్జెట్ పిచ్చి ఉన్నవాళ్లకి తప్పకుండా వచ్చే డౌట్ ఇది. బాష్ కంపెనీ ఐబూస్టర్‌లో వాక్యూమ్ లేదు, ఆయిల్ లేదు. పెడల్ కదలికని సెన్సర్ చదువుతుంది, మోటార్ మాస్టర్ సిలిండర్‌ని నెడుతుంది. టెస్లా మోడల్ 3లో ఇదే ఉంది. పాడైన టెస్లాల నుంచి తీసి పాత కార్లలో పెట్టేవాళ్లు చాలామంది ఉన్నారు. బండి క్యాన్ నెట్‌వర్క్ నుంచి సిగ్నల్ లేకపోయినా ఇది ఫాల్‌బ్యాక్ మోడ్‌లో బ్రేక్ అసిస్ట్ ఇస్తుంది.

వినడానికి సూపర్. కానీ 7 టన్నులు ఆపాల్సిన సిస్టమ్‌ని, దాన్ని తయారుచేసిన కంపెనీ ఉద్దేశించని మోడ్‌లో నడపడం ప్రొడక్షన్ సర్వర్‌ని సేఫ్ మోడ్‌లో వదిలేయడం లాంటిది. చిన్న కారుకి ఓకే. ట్రెయిలర్ లాగే ట్రక్కుకి నా ఓటు హైడ్రోబూస్ట్‌కే.

హైడ్రోబూస్ట్ కూడా చేయలేనివి

బూస్టర్ మీ కాలికి బలం ఇస్తుంది, టైరుకి గ్రిప్ ఇవ్వదు. చక్రాలు ఇప్పటికే లాక్ అవుతున్నాయంటే ఇంకా గట్టిగా నొక్కి లాభం లేదు. వేడిని కూడా ఇది తగ్గించదు. పైన చెప్పిన 2.5 మెగాజౌల్స్ డిస్కులు, డ్రమ్ములే మింగాలి. అందుకే ట్రెయిలర్‌కి సొంత ఎలక్ట్రిక్ బ్రేకులు, దిగుళ్లలో తక్కువ గేరు తప్పనిసరి. ఇంకో మైనస్ కూడా గుర్తుపెట్టుకోండి: స్టీరింగ్, బ్రేకు రెండూ ఒకే పంపు మీద ఆధారపడతాయి. పంపు పోతే రెండూ ఒకేసారి బరువెక్కుతాయి.

డబ్బు ఖర్చు పెట్టే ముందు ఇవి చూసుకోండి. వాక్యూమ్ గేజ్ పెట్టి పంపు 20 అంగుళాలైనా ఇస్తోందా లేదా చూడండి. బూస్టర్ హోస్, చెక్ వాల్వ్ చూడండి. వెనక డ్రమ్ములు అడ్జస్ట్ చేయించండి. బ్రేక్ ఆయిల్ మార్చండి. డాట్ 3 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగదు, కానీ నీటి తేమ పీల్చుకున్నాక ఆ హద్దు 140కి పడిపోతుంది. దిగుడులో పెడల్ మెత్తబడటానికి చాలాసార్లు కారణం ఇదే, బూస్టర్ కాదు. ఇవన్నీ సరిగ్గా ఉండి కూడా పెడల్ రాయిలా ఉంటేనే హైడ్రోబూస్ట్ గురించి ఆలోచించండి.

మన ఏపీ, తెలంగాణలో డీజిల్ పికప్ ఉన్నవాళ్లకి ఒక మాట. మోటార్ వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన ఒరిజినల్ స్పెసిఫికేషన్లకు తేడాగా బండిని మార్చకూడదు. 2019లో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. కాబట్టి ఇక్కడ ఈ స్వాప్ వద్దు. ఆల్టర్నేటర్ దగ్గర వాక్యూమ్ పంపు ఆయిల్ లీక్ అవుతోందా, హోస్ పగిలిందా అని సర్వీసుకి ఇచ్చినప్పుడల్లా అడగండి. డీజిల్ మిగులుతుందని ఘాట్ రోడ్డులో ఇంజిన్ ఆపేసి న్యూట్రల్‌లో దించే అలవాటు ఉంటే ఇవాళే మానేయండి. పంపు తిరగనప్పుడు బూస్టర్‌లో మిగిలేది ఒకటి రెండు తొక్కుల వాక్యూమే. ఘాట్‌లో మలుపులు అంతకంటే చాలా ఎక్కువ.