యుద్ధం ముగిశాక మిగిలే గాయాలు



మూసారాంబాగ్ అనే పేరు ఎలా వచ్చిందని మా నర్సింగు విద్యార్థినులను అడిగితే చాలామంది మూసీ నది నుంచి అంటారు. కాదు. రెండవ నిజాం దగ్గర సేనానిగా పనిచేసిన రేమండ్ అనే ఫ్రెంచి సైనికుడి పేరు అది. మన జనం నోట అది మూసా రామ్ అయింది, ముస్లిములు మూసా రహీం అన్నారు. ఆయన 1798లో చనిపోయాడు. సమాధి అస్మాన్‌గఢ్ గుట్ట మీద ఉంది. ఆయన పెంచిన పటాలాన్ని అదే సంవత్సరం ఇంగ్లీషువారు రద్దు చేయించి, వేలాది సిపాయిల చేత ఆయుధాలు దింపించి పంపేశారు. సేనాని పేరు ఇప్పుడు మెట్రో స్టేషను మీద కూడా ఉంది. ఆ సిపాయిల పేర్లు ఏ బోర్డు మీదా లేవు.

ఈ సంగతి మాకు ఒక రోగి వల్ల గుర్తుకు వచ్చింది. కొన్నేళ్ల క్రితం మా సర్జికల్ వార్డులో ఒక మాజీ జవాను చేరారు. నల్గొండ వైపు మనిషి. 2002లో సరిహద్దు దగ్గర మందుపాతర పేలి ఎడమ కాలు మోకాలి కింద నుంచి పోయింది. పెన్షను వస్తున్నా, దిల్‌సుఖ్‌నగర్ దగ్గర ఒక అపార్టుమెంటులో రాత్రి కాపలా పని చేస్తున్నారు. కృత్రిమ కాలు ఒరుసుకుని స్టంప్ మీద, అంటే కాలు తీసేశాక మిగిలిన మోడు మీద, పుండు పడింది. షుగరు కూడా ఉండడంతో చీము పట్టింది.

రెండో రోజు తెల్లవారుజామున నాలుగు గంటలకు నైట్ డ్యూటీ సిస్టరు టెంపరేచరు చూడడానికి వెళ్లి, నిద్రపోతున్న ఆయన భుజం తట్టింది. ఆయన కళ్లు తెరవకుండానే ఆ అమ్మాయి మణికట్టు పట్టుకుని కిందికి లాగేశారు. చేతి గడియారం అద్దం పగిలింది. వార్డంతా లేచింది. కేస్ షీటులో ‘రోగి దురుసుగా ప్రవర్తించాడు’ అని రాశాము. పొద్దున రౌండ్సులో గట్టిగానే మందలించాము. ఆయన తల వంచుకుని ‘మాఫ్ చేయండి సిస్టర్, నాకు తెలియలేదు’ అన్నారు. మేము నమ్మలేదు. తాగే అలవాటేమోనని కూడా అనుకున్నాము.

తొమ్మిది గంటలకు భార్య టిఫిను తెచ్చింది. సంగతి విని ఆమె ఏమీ ఆశ్చర్యపోలేదు. ‘సిస్టరమ్మా, నిద్రల ఉన్నప్పుడు ఆయనను ముట్టుకోకుండ్రి. కాళ్ల కాడ దూరం నిలబడి పేరు పెట్టి పిలువుండ్రి. నేను ఇన్నేండ్ల సంది గట్లనే లేపుతున్న’ అంది. చేర్చుకునేటప్పుడు మేము షుగరు అడిగాము, బి.పి. అడిగాము, మందులు పడవా అని అడిగాము. ఆమె చెప్పిన ఈ ఒక్క మాట మా ఫారంలో ఎక్కడా లేదు. తప్పు మాది. ఆ రోజే కేస్ షీటులో రాసిన వాక్యం కింద ఆమె మాటను ఎర్ర సిరాతో రాయించాము.

ఈ బాధ కొత్తది కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో దీన్ని షెల్ షాక్ అన్నారు. వణికిపోయే సైనికుణ్ణి పిరికివాడని శిక్షించిన రోజులు కూడా ఉన్నాయి. అమెరికా మానసిక వైద్యులు 1980లో దానికి పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్, పొట్టిగా పి.టి.ఎస్.డి., అని పేరు పెట్టారు. చూసిన ఘోరం పీడకలగానో, పగలే కళ్ల ముందు జరుగుతున్నట్టుగానో తిరిగి వస్తుంది. దాన్ని గుర్తు చేసే చోట్లకు, మనుషులకు దూరంగా ఉంటారు. చిన్న చప్పుడుకు ఉలిక్కిపడతారు, ఊరికే చిరాకు పడతారు, ఎప్పుడూ తలుపు వైపే చూస్తూ కూర్చుంటారు. నెల దాటినా ఇవి తగ్గకపోతే డాక్టరుకు చూపించాలి. కొందరికి నెలల తరువాత, ఏళ్ల తరువాత కూడా బయటపడుతుంది. కాపలా పని ఎందుకు ఎంచుకున్నారని అడిగితే మా రోగి చెప్పిన జవాబు ఇది: ‘రాత్రి ఎలాగూ నిద్ర రాదు, జీతమైనా వస్తుంది గదా.’

ఒంటి మీది గాయాలు కూడా పైకి కనిపించినంతే ఉండవు. ఆయన లేని కాలి బొటనవేలు నొప్పి అనేవారు. వార్డు బాయ్‌లు నవ్వారు, వాళ్లనూ మందలించవలసి వచ్చింది. అది నటన కాదు. కాలు పోయినా మెదడులో ఆ కాలి చోటు అలాగే ఉంటుంది, తెగిన నరాలు సంకేతాలు పంపుతూనే ఉంటాయి. తమిళనాడులో పుట్టి అమెరికాలో పనిచేసిన డాక్టరు వి.ఎస్. రామచంద్రన్ 1990లలో దీనికి అద్దంతో ఒక ఉపాయం చూపారు. ఉన్న కాలు అద్దంలో కదులుతుంటే, లేని కాలు కదిలినట్టు మెదడుకు తోస్తుంది. అందరికీ పనిచేయదు. ఫిజియోథెరపిస్టు చెబితే మేము నర్సుల హాస్టలు నుంచి నిలువుటద్దం తెచ్చి పెట్టాము. ఆయనకు కొంత ఉపశమనం దొరికింది. అద్దం మాత్రం హాస్టలుకు తిరిగి వెళ్లలేదు, అమ్మాయిలు ఇప్పటికీ అడుగుతుంటారు.

స్టంప్ సంరక్షణ గురించి ఇంట్లోవారికి చెప్పేది ఇదే. రోజూ సబ్బుతో కడిగి పూర్తిగా ఆరనివ్వాలి. తొడుగు గుడ్డ రోజూ ఉతకాలి. వెనక వైపు కనబడదు గనుక చిన్న అద్దం పెట్టి చూసుకోవాలి. ఎరుపు కనిపిస్తే ఆ రోజు కృత్రిమ కాలు తొడగవద్దు. డ్యూటీ పోతుందని పుండు మీదే తొడుక్కుని నిలబడ్డారు గనుకనే ఆయన మా దగ్గరికి వచ్చారు.

ఇంకొక ముఖ్యమైన మాట. పేలుళ్లలో దెబ్బ తిన్నవారి ఒంట్లో సన్నని ఇనుప ముక్కలు ఏళ్ల తరబడి ఉండిపోవచ్చు. ఎం.ఆర్.ఐ. తీసేముందు ఆ సంగతి తప్పక చెప్పాలి, ఆ అయస్కాంతం ముక్కను కదిలించగలదు. కంటి దగ్గర ఉంటే మరీ ప్రమాదం. చెవుల్లో హోరు, వినికిడి తగ్గడం కూడా ఫిరంగుల దగ్గర పనిచేసినవారిలో సాధారణం. పిలిస్తే పలకడం లేదని ఇంట్లో కోపగించుకునేముందు చెవి పరీక్ష చేయించండి.

బైబిలులో సిరియా సైన్యాధిపతి నయమాను కథ మన పాఠకులకు తెలిసినదే. గొప్ప శూరుడు, ఒంటి నిండా కుష్ఠు. స్వస్థతకు దారి చెప్పింది రాజు కాదు, వైద్యుడు కాదు, ఆ ఇంట పని చేస్తున్న చెరపట్టబడిన చిన్న పిల్ల. ప్రవక్త చెప్పినది నచ్చక కోపంతో వెళ్లిపోబోతే ఒప్పించినవారు కూడా అతని సేవకులే. మా అనుభవంలోనూ ముందుగా గుర్తించేది ఇంటివారే. మా రోగికి మానసిక వైద్యుణ్ణి చూద్దామంటే ‘నన్ను ఎర్రగడ్డకు పంపుతారా’ అని ముఖం తిప్పుకున్నారు. మన ఊళ్లో ఆ పేరు తిట్టుగా వాడి వాడి ఎంత నష్టం చేసుకున్నామో! మూడు రోజులు భార్య బతిమాలితే, డ్రెస్సింగుకు వచ్చే రోజే, మా ఓ.పి.లోనే చూపించే ఏర్పాటు చేస్తే ఒప్పుకున్నారు.

దీనికి వైద్యం ఉంది. శిక్షణ పొందినవారితో వారం వారం మాట్లాడే చికిత్స, అవసరమైతే మాత్రలు. సెర్ట్రలిన్ వంటి మాత్రలు గుణం చూపడానికి కొన్ని వారాలు పడుతుంది, నాలుగు రోజులకే ఆపేయకూడదు. మందుల షాపులో అడిగి నిద్రమాత్రలు కొనుక్కోవడం, క్యాంటీను కార్డు మీద వచ్చే రమ్ముతో నిద్ర తెచ్చుకోవడం, రెండూ జబ్బును ముదరబెడతాయి. చచ్చిపోతానన్న మాట వస్తే తేలికగా తీసుకోకండి. తుపాకీ గాని, పురుగుల మందు గాని ఇంట్లో అందుబాటులో ఉంచకండి. 2022 అక్టోబరులో మొదలైన టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఫోను చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. సైన్యంలో ఉన్నవారికీ వారి కుటుంబాలకూ 2023 డిసెంబరులో పుణేలో ప్రత్యేక విభాగం పెట్టారు. మాజీ సైనికులకు 2003 నుంచి ఇ.సి.హెచ్.ఎస్. వైద్య పథకం కూడా ఉంది.

మన తెలుగు నేల మీద పశ్చిమ గోదావరిలోని మాధవరాన్ని మిలటరీ మాధవరం అనే పిలుస్తారు, మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచి అక్కడి కుటుంబాలు సైన్యానికి మనుషులను పంపుతున్నాయి. మన వీధుల్లో మాజీ సైనికులు అలా గుంపుగా కనబడరు. బ్యాంకు తలుపు దగ్గర, అపార్టుమెంటు గేటు దగ్గర ఒక్కొక్కరుగా ఉంటారు. దీపావళి రాత్రి లక్ష్మీబాంబులు మొదలైతే వాళ్లలో కొందరు ఎక్కడ దాక్కోవాలా అని చూస్తారు. దిల్‌సుఖ్‌నగర్‌లో 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం బాంబులు పేలినప్పుడు ఉన్నవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు. అక్కడ కూరగాయలు కొనడానికి వెళ్లిన మామూలు మనుషులకూ ఇలాంటి బాధ రావచ్చు.

మా రోగి ఇరవై రెండు రోజులకు ఇంటికి వెళ్లారు. పుండు మానింది. పీడకలలు పూర్తిగా పోలేదు, వారానికి ఒకటి రెండుకు తగ్గాయని భార్య చెప్పింది. మణికట్టు పట్టించుకున్న సిస్టరే ఇప్పుడు కొత్తగా చేరిన అమ్మాయిలకు, మంచం కాళ్ల వైపు నిలబడి పేరు పెట్టి ఎలా లేపాలో చూపిస్తుంది. చేర్చుకునే ఫారంలో ఒక ప్రశ్న కలిపాము: ‘సైన్యంలోగాని, పోలీసులోగాని పనిచేశారా? ఒంట్లో లోహపు ముక్కలు ఉన్నాయా? నిద్రలో ఎలా లేపాలి?’ ఓ.పి. చీటీ రాయించుకునేటప్పుడు మేము అడగడం మరిచిపోతే మీరే చెప్పండి.