విశ్వకిరణాల వయసు చెప్పే బెరీలియం

ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా మాత్రమే వాన కురిసే అనంతపురం పీఠభూమిలో, చినుకుతోపాటు నేలకు దిగే పదార్థాల్లో బెరీలియం-7 అనే అత్యల్ప మోతాదు రేడియోధార్మిక పదార్థం కూడా ఉంటుంది. ఎలక్ట్రాన్లు ఊడిపోయి దాదాపు కాంతివేగంతో అంతరిక్షం నుంచి దూసుకువచ్చే కేంద్రకాలను విశ్వకిరణాలు అంటారు. అవి పై వాతావరణంలోని నత్రజని, ఆక్సిజన్ కేంద్రకాలను బద్దలు కొట్టినప్పుడు తునకగా పుట్టే ఈ బెరీలియం, ధూళికణాలను అంటుకుని వానతో కిందికి వస్తుంది. 1950ల మధ్యకాలంలో దీన్ని వాననీటిలో గుర్తించిన బృందాల్లో బొంబాయిలోని టాటా మౌలిక పరిశోధనా సంస్థకు చెందిన దేవేంద్ర లాల్ సహచర బృందం ఒకటి. నేలకు చేరిన బెరీలియం-7లో సగం 53 రోజుల్లో లిథియంగా మారిపోతుంది.

ఇటువంటి విచ్ఛిన్నమే పాలపుంతలోనూ నిరంతరం జరుగుతుంది. సూర్యుడి పదార్థంలో లక్ష కార్బన్ కేంద్రకాలకు ఒక్క బోరాన్ కేంద్రకం కూడా ఉండదు. విశ్వకిరణాల్లో మాత్రం, తక్కువ శక్తుల వద్ద, మూడు నాలుగు కార్బన్ కేంద్రకాలకు ఒక బోరాన్ కనిపిస్తుంది. కార్బన్, ఆక్సిజన్ కేంద్రకాలు ప్రయాణంలో నక్షత్రాల నడుమ పలచగా పరచుకున్న హైడ్రోజన్‌ను ఢీకొని పగిలిపోవడం వల్లే లిథియం, బెరీలియం, బోరాన్ ఇంత హెచ్చుగా పుట్టాయి. ఎంత పదార్థాన్ని దాటితే ఇన్ని తునకలు ఏర్పడతాయో లెక్కగడితే, చదరపు సెంటీమీటరుకు సుమారు 5 నుంచి 10 గ్రాములని తేలుతుంది. అయితే ఈ లెక్కతో కాలం తెలియదు. బండి చక్రాలకు అంటిన బురద అది ఎంత బురదలో నడిచిందో చెబుతుందే గాని, ఎన్నాళ్లు దారిలో ఉందో చెప్పదు.

కాలం చెప్పేది ఐసోటోపులు, అంటే ఒకే మూలకానికి చెంది న్యూట్రాన్ల సంఖ్యలో మాత్రమే తేడా ఉండే రకాలు. విశ్వకిరణాల్లోని బెరీలియంలో 7, 9, 10 అనే మూడు రకాలు ఉంటాయి. బెరీలియం-9 స్థిరమైనది. బెరీలియం-10 అర్ధాయువు, అంటే అందులో సగం మారిపోవడానికి పట్టే కాలం, సుమారు 13.9 లక్షల సంవత్సరాలు. ఇక బెరీలియం-7 సంగతి ఎంతో ఆశ్చర్యకరం: అది మారాలంటే తన చుట్టూ తిరిగే ఎలక్ట్రాన్‌ను కేంద్రకంలోకి లాక్కోవాలి గనుక, ఎలక్ట్రాన్లన్నీ ఊడిపోయిన స్థితిలో పాలపుంతలో తిరుగుతున్నంతకాలం దానికి క్షయం లేదు. అనంతపురం నేలపై రెండు నెలలైనా తిరగకముందే సగమయ్యే పదార్థం అక్కడ లక్షల ఏళ్లు చెక్కుచెదరకుండా ఉంటుంది. బెరీలియం-10 అలా కాదు. తనంతట తానే ఎలక్ట్రాన్‌ను వెలువరించి బోరాన్‌గా మారుతుంది కాబట్టి ప్రయాణంలోనూ తగ్గిపోతూనే ఉంటుంది. అందుచేత అది బెరీలియం-9తో పోల్చితే ఎంత మిగిలిందో కొలిస్తే ప్రయాణకాలం బయటపడుతుంది. ఈ ఆలోచనను 1958లో జపాన్‌కు చెందిన హయకావా సహచరులతో కలిసి, 1963లో బెర్నార్డ్ పీటర్స్ ప్రతిపాదించారు. పీటర్స్ 1950లలో బొంబాయి టాటా సంస్థలోనే పనిచేసినవారు.

1997లో ప్రయోగించిన ఏస్ ఉపగ్రహం కొలతల ప్రకారం ఆ ప్రయాణకాలం సుమారు కోటిన్నర సంవత్సరాలు. పాలపుంత బిళ్ల అడ్డుకొలత లక్ష కాంతి సంవత్సరాలు మాత్రమే కాబట్టి, ఈ కణాలు తిన్నగా రాకుండా అయస్కాంత క్షేత్రాల్లో పదేపదే దారి మళ్లుతూ తిరుగుతున్నాయన్నమాట. పైగా అవి దాటిన పదార్థపు సగటు సాంద్రత ఘన సెంటీమీటరుకు పరమాణువులో మూడో వంతు మాత్రమే, బిళ్లలోనేమో ఒక పరమాణువు దాకా ఉంటుంది. కనుక ఆ కాలంలో చాలా భాగం బిళ్లకు పైనా కిందా వ్యాపించిన పలచని ఆవరణలోనే గడిచి ఉండాలి. కంటికి కనిపించని ఆ ఆవరణ ఉనికికి ఇంత తేటగా సాక్ష్యమిచ్చే కొలతలు అరుదు.

ఈ కొలతకు తెలుగు నేల మీది ఆకాశం అనుకూలం కాదు. 1969 నుంచి హైదరాబాద్‌లో ఉన్న టాటా సంస్థ బెలూన్ కేంద్రం, పలచని పాలిథిలిన్ బెలూన్లలో హైడ్రోజన్ నింపి పరికరాలను 30 కిలోమీటర్లకు పైకి పంపుతుంది. అయస్కాంత భూమధ్యరేఖకు దగ్గరగా ఉండడం వల్ల ఇక్కడ భూమి అయస్కాంత క్షేత్రం తక్కువ శక్తి కణాలను అడ్డుకుంటుంది. దాదాపు 17 గిగావోల్టులకు, అంటే ద్రవ్యవేగాన్ని విద్యుదావేశంతో భాగిస్తే వచ్చే కొలతలో ఆ విలువకు, తక్కువ ఉన్నవి నిట్టనిలువుగా రాలేవు. అనంతపురం ఇంకా దక్షిణాన ఉంది కాబట్టి అక్కడా పరిస్థితి భిన్నం కాదు. ఎక్స్-కిరణ ఖగోళశాస్త్రానికి ఇది వరం, ఎందుకంటే కొలతను చెడగొట్టే కణాలు తగ్గుతాయి. ఐసోటోపులకు మాత్రం ఇదే అడ్డంకి. కణం అయస్కాంతంలో ఎంత వంగిందో, ఎంత వేగంతో వెళ్లిందో రెండూ తెలిస్తేనే దాని ద్రవ్యరాశి తెలుస్తుంది. 3 గిగావోల్టుల వద్ద బెరీలియం-9, బెరీలియం-10 వేగాల్లో నూటికి నాలుగు వంతుల దాకా తేడా ఉంటే, 17 వద్ద అది వెయ్యికి రెండు వంతులకు పడిపోతుంది.

అందుకే ఈ ఐసోటోపులను కొలిచే పరికరాలను అయస్కాంత భూమధ్యరేఖకు దూరంగా, 1998లో ఐసోమాక్స్ బెలూన్‌ను కెనడాలోని లిన్ లేక్ నుంచి, 2024 మే నెలలో హీలిక్స్ బెలూన్‌ను స్వీడన్‌లోని కిరునా నుంచి ఎగురవేశారు. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంపై 2011 నుంచి పనిచేస్తున్న ఏఎంఎస్ పరికరం అధిక శక్తుల వద్ద కూడా ఈ కొలతలకు పూనుకుంది. శక్తి పెరిగేకొద్దీ సాపేక్షతా సిద్ధాంతం ప్రకారం బెరీలియం-10 క్షయం నెమ్మదిస్తుంది కనుక, ఆ శక్తుల వద్ద అది మరింత దూరపు ప్రయాణాల కాలాన్ని కూడా చెప్పగలుగుతుంది. పలచని ఆవరణ పాలపుంత బిళ్ల నుంచి ఎంత ఎత్తు దాకా వ్యాపించిందో తేలవలసింది అక్కడే.