పెట్టెపై 3200, తెరపై 2133: కొత్త ర్యామ్ వేగం ఏమైనట్టు?

డెస్క్‌టాప్‌లో డీడీఆర్4 3200 ర్యామ్ వేయించారు. టాస్క్ మేనేజర్ తెరిస్తే 2133 అని కనిపిస్తోంది. షాపువాళ్లు మోసం చేశారనుకోకండి. ఏ మదర్‌బోర్డులో పెట్టినా పేచీ లేకుండా ఆన్ అయ్యేందుకు చాలా కిట్లు తక్కువ వేగంతోనే మొదలవుతాయి. పెట్టెపై ఉన్న వేగాన్ని మనమే ఆన్ చేయాలి.

ఎంత తేడా వస్తుంది? రెండు స్టిక్కులు రెండు ఛానళ్లలో ఉంటే 2133 దగ్గర సెకనుకు గరిష్ఠంగా 34 జీబీ, 3200 దగ్గర 51 జీబీ డేటా కదులుతుంది. 4.7 జీబీ డీవీడీల లెక్కన ఏడు ఎక్కడ, పదికి పైగా ఎక్కడ! టైపింగ్, బ్రౌజింగ్‌లో ఇది తెలియదు. గ్రాఫిక్స్ కార్డు లేకుండా గేములు ఆడేవారికి మాత్రం బాగా తెలుస్తుంది, ఎందుకంటే అక్కడ బొమ్మలకూ ఈ ర్యామే ఆధారం.

ఎలా మార్చాలి? కంప్యూటర్ ఆన్ కాగానే డిలీట్ లేదా ఎఫ్2 నొక్కితే బయోస్, అంటే మదర్‌బోర్డు సెట్టింగుల తెర, వస్తుంది. అందులో ఎక్స్‌ఎంపీ ఆన్ చేసి సేవ్ చేయండి. తయారీదారు పరీక్షించి స్టిక్‌లోనే రాసిపెట్టిన సెట్టింగుల జాబితా ఇది. ఏఎండీ బోర్డుల్లో డీఓసీపీ, ఎక్స్‌పో అనే పేర్లూ ఉంటాయి. కొన్ని చౌక బోర్డుల్లో, ప్రాసెసర్ ఒప్పుకోని చోట, పూర్తి వేగం రాదు.

వోల్టేజీ 1.2 నుంచి 1.35కు పెరుగుతుందే, కాలిపోదా? ఆ కిట్‌ను పరీక్షించిందే ఆ వోల్టేజీ దగ్గర కాబట్టి స్టిక్‌కు భయం లేదు. అయితే ప్రాసెసర్ కంపెనీల లెక్కలో ఇది ఓవర్‌క్లాకింగే, అంటే అవి హామీ ఇచ్చిన పరిమితులను మించి నడపడమే.

పాతవాటి పక్కన కొత్తవి కలిపారా? అన్నీ నెమ్మదైనదాని వేగానికే దిగుతాయి. నాలుగు స్టిక్కులైతే ప్రాసెసర్‌పై భారం ఎక్కువ. డీడీఆర్5 వాడే రైజెన్ 7000 ప్రాసెసర్లకు ఏఎండీ చెప్పిన పరిమితి రెండు స్టిక్కులకు 5200, నాలుగింటికి 3600 మాత్రమే.

తెర నల్లగా ఉండిపోతే? కొన్ని నిమిషాలు ఆగండి, చాలా బోర్డులు తమంతట తామే పాత వేగానికి వస్తాయి. రాకపోతే ప్లగ్ తీసేసి, బోర్డుమీది గుండ్రటి బ్యాటరీని కాసేపు తీసి పెట్టండి. సెట్టింగులు మొదటికి వస్తాయి.

ఆన్ అయితే సరిపోదు. పెన్‌డ్రైవ్ నుంచి మెమ్‌టెస్ట్86 నడపండి. ఒక్క తప్పు చూపినా 2933కు దించి మళ్లీ పరీక్షించండి. ర్యామ్ తప్పు చేస్తే మీ ఫొటోలు, ఫైళ్లు చెప్పాపెట్టకుండా పాడవుతాయి. కాస్త తగ్గిన వేగంతో వచ్చే నష్టం దాని ముందు ఏపాటి?