శేషం లేని చికిత్స

ఋణశేషం, అగ్నిశేషం, వ్యాధిశేషం - ఈ మూడింటినీ మిగల్చరాదని పెద్దల మాట. సుశ్రుత సంహిత చికిత్సాస్థానంలో అర్బుద చికిత్సను వివరిస్తూ సుశ్రుతుడు కూడ ఇటువంటి హెచ్చరికే చేశాడు. తొలగించిన అర్బుదంలో ఏ కొంచెం శేషించినా అది త్వరలోనే మరల పెరుగుతుందనీ, నిప్పువలె రోగిని హరిస్తుందనీ, కనుక నిశ్శేషంగా తీసివేయాలనీ ఆయన అభిప్రాయం. అయితే శేషం మిగిలినదీ లేనిదీ తెలిసేదెట్లా? కంటికి కనిపించనిదానిని కత్తి ఎట్లా వెదకగలదు? చర్మానికి వచ్చే క్యాన్సర్ విషయంలో ఈ ప్రశ్నకు చక్కని సమాధానం చెప్పినవాడు ఫ్రెడరిక్ మోస్ (1910-2002) అనే అమెరికన్ వైద్యుడు.

చర్మపు క్యాన్సర్లలో ముఖ్యమైనవి మూడు. బేసల్ కణాల నుండి పుట్టేది, స్క్వామస్ కణాల నుండి పుట్టేది, చర్మానికి వన్నెనిచ్చే కణాల నుండి పుట్టే మెలనోమా. సూర్యరశ్మిలోని అతినీలలోహిత కిరణాలు వీటికి ప్రధాన కారణం. చామనచాయకు చిన్నబుచ్చుకొనేవారు గమనింపదగిన విషయం ఒకటున్నది. ఆ చాయనిచ్చే మెలనిన్ ఈ కిరణాలకు అడ్డుగా నిలుస్తుంది. అందువల్లనే తెల్లజాతుల వారితో పోల్చినపుడు భారతీయులలో ఈ వ్యాధులు తక్కువ. తక్కువే గాని లేకపోలేదు. పాత కాలిన మచ్చలమీద, ఏళ్ళ తరబడి మానని పుండ్లమీద స్క్వామస్ క్యాన్సర్ తలయెత్తవచ్చు. కాశ్మీరంలో చలికి తాళలేక కాంగ్డీ అనే నిప్పుకుండను దుస్తులలోపల పెట్టుకొనేవారికి పొట్టమీద, తొడలమీద ఈ వ్యాధి రావడం వైద్యలోకానికి చిరకాలంగా తెలిసినదే.

బేసల్ కణ క్యాన్సర్ దూరపు అవయవాలకు ప్రాకడం బహు అరుదు. కాని ఉన్నచోటనే లోతుకు, ప్రక్కలకు తొలుచుకొనిపోతుంది. పైకి కనిపించేది చిన్న బొడిపె. లోపల దాని పాయలు ఎంతదూరం వెళ్ళాయో తెలియదు. పొలంలో తుంగను పీకిన రైతుకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. పైమొక్క చేతికి వస్తుంది; మట్టిలో ఒక్క గడ్డ మిగిలితే నాలుగు వానలకు మడి అంతా తుంగే.

ఇక్కడ వైద్యునికి రెండు భయాలు. తక్కువ కోస్తే వ్యాధి మిగులుతుంది. ఎక్కువ కోస్తే ముఖం మిగలదు. సామాన్య పద్ధతిలో కనిపించే అంచుకు ఆవల కొంత ఆరోగ్యవంతమైన చర్మాన్ని కూడ చేర్చి కోస్తారు. అంచులు స్పష్టంగా ఉండి, రెండు సెంటీమీటర్లకు లోపున్న బేసల్ కణ క్యాన్సర్‌కు 4 మిల్లీమీటర్లు విడిచి కోస్తే నూటికి సుమారు 95 సందర్భాలలో వ్యాధి పూర్తిగా తొలగుతుంది. వీపుమీద 4 మిల్లీమీటర్లు లెక్కలోనివి కావు. కనురెప్ప అంచున, ముక్కుపుట మీద అదే పెద్ద ఆస్తి!

కోసిన ముక్కను ప్రయోగశాలకు పంపితే అక్కడ దానిని వంకాయ చక్రాలవలె నిలువుగా తరిగి, కొన్ని చక్రాలను సూక్ష్మదర్శిని క్రింద చూస్తారు. ఒక చక్రానికీ మరొక చక్రానికీ నడుమ ఉన్న అంచు చూపుకు అందదు. ఈ విధంగా పరీక్షకు వచ్చేది మొత్తం అంచులో నూటికి ఒక వంతుకన్న తక్కువే. "అంచు శుభ్రం" అని నివేదిక వచ్చినా, చూచినంతవరకు శుభ్రమని మాత్రమే దాని అర్థం.

1930ల దశకంలో మోస్ విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో వైద్యవిద్యార్థి. మైకేల్ గయ్యర్ అనే జంతుశాస్త్రవేత్త వద్ద సహాయకుడుగా ఉంటూ ఎలుకల కణితులలోనికి రకరకాల రసాయనాలు ఎక్కించి ఫలితాలు పరిశీలించేవాడు. వాటిలో జింకు క్లోరైడు ద్రావణం కణజాలాన్ని చంపినా దాని సూక్ష్మనిర్మాణాన్ని చెక్కుచెదరనీయలేదు. ప్రయోగశాలలో సీసాలో జరగవలసిన పని దేహంమీదనే జరిగిపోయింది. ఆంటిమొనీ ఖనిజపు పొడి, బ్లడ్‌రూట్ అనే మొక్క వేరు పొడి కలిపి ఆయన దానిని లేపనంగా తయారుచేశాడు. 1936 నుండి రోగులకు చికిత్స ప్రారంభించి, 1941లో తన పద్ధతిని ప్రకటించాడు. లేపనం పూసి, మరునాడు ఆ పొరను కోసి, పరీక్షించి, వ్యాధి ఉన్నచోట తిరిగి లేపనం పూసేవాడు. రోగికి నొప్పి, చికిత్సకు రోజులు పట్టేది. ఇటువంటి లేపనాలను క్యాన్సర్ మందులని నమ్మి సొంతంగా పూసుకొని ముఖం పోగొట్టుకొన్నవారు నేటికీ ఉన్నారు. మోస్ పద్ధతికి ప్రాణం లేపనం కాదు, సూక్ష్మదర్శిని.

అది ఒక విధంగా యాదృచ్ఛికంగానే రుజువయింది. 1953లో కనురెప్ప క్యాన్సర్ చికిత్సను చలనచిత్రంగా తీస్తున్నపుడు లేపనంవల్ల ఆలస్యమవుతున్నదని, మోస్ మత్తు సూది ఇచ్చి పచ్చి కణజాలాన్నే కోసి, గడ్డకట్టించి పరీక్షించాడు. పని చక్కగా నెరవేరింది. 1974లో ట్రోమోవిచ్, స్టెగ్మన్ అనే వైద్యులు ఈ పచ్చికణజాల పద్ధతి ఫలితాలను ప్రచురించిన తరువాత లేపనం క్రమంగా వెనుకబడింది.

నేటి పద్ధతి ఇది. రోగి మెలకువగానే ఉంటాడు. వైద్యుడు కత్తిని ఏటవాలుగా పట్టి, కణితి క్రింద మూకుడు ఆకారంలో పలుచని పొర తీస్తాడు. ఆ పొర అంచులకు రంగులు పూసి, ఏ రంగు ముఖంలో ఏ దిక్కో తెలిసేటట్లు పటం గీస్తారు. బత్తాయి తొక్కను బల్లమీద పరచినట్లు దానిని చదునుచేసి, గడ్డకట్టించి, అడుగుభాగం నుండి పలుచని పొరలు తీస్తారు. ఆ విధంగా ప్రక్క అంచు, అడుగు అంచు ఒకే తలంలోనికి వస్తాయి. మొత్తం అంచు కంటబడుతుంది. కోసిన వైద్యుడే సూక్ష్మదర్శినిలో చూస్తాడు. ఈశాన్యపు మూలలో క్యాన్సర్ కణాలు కనిపిస్తే పటంలో అక్కడ గుర్తుపెట్టి, ఆ మూలనే మరొక పొర తీస్తాడు. మిగిలిన మూడు దిక్కులకు కత్తి పోదు. ఒక్కొక్క విడతకు గంట, అంతకు పైగా పట్టవచ్చు. కట్టుతో వరండాలో కూర్చొని పిలుపుకోసం ఎదురుచూడడమే రోగికి అసలు పరీక్ష అని నా ఊహ.

నెదర్లాండ్స్‌లో జరిగిన ఒక పరిశోధన ఫలితాలు 2014లో వెలువడ్డాయి. ముఖంమీద ఒకసారి తీసినా మరల వచ్చిన బేసల్ కణ క్యాన్సర్లను తీసుకొని పదేళ్ళు గమనించగా, సామాన్య శస్త్రచికిత్స తరువాత నూటికి 13.5, మోస్ పద్ధతిలో 3.9 చొప్పున వ్యాధి తిరగబెట్టింది. అయినా ఇది సర్వరోగ నివారిణి కాదు. వ్యాధి ఎడతెగకుండ ప్రాకుతుందనే నమ్మకం మీద ఈ పద్ధతి నిలిచింది. నడుమ ఆరోగ్యకర కణజాలాన్ని దాటి ఆవల మొలిచినదానిని అంచు పరీక్ష పట్టుకోలేదు. గడ్డకట్టించిన పొరలో మెలనోమా కణాలను గుర్తించడం కష్టం. కాలమూ వ్యయమూ కూడ ఎక్కువే కనుక ముక్కు, కన్ను, చెవి, పెదవి వంటి చోట్లకే దీనిని ప్రధానంగా ఎన్నుకొంటారు.

అంచు శుభ్రమయిన తరువాత గాయాన్ని పూడ్చాలి. ముక్కుపై గుంట పెద్దదయితే నుదుటి చర్మాన్ని క్రిందికి త్రిప్పి కప్పుతారు. 1794లో లండన్‌లోని జెంటిల్మన్స్ మాగజైన్ పత్రిక పుణే ప్రాంతంలో కావస్జీ అనే బండివానికి నుదుటి చర్మంతో ముక్కు చేసిన వృత్తాంతాన్ని ప్రచురించినప్పటినుండి ఇది పాశ్చాత్యులకు భారతీయ పద్ధతిగా ప్రసిద్ధం. త్రిప్పిన చర్మం ఒక కాడతో నుదుటిని అంటిపెట్టుకొని, అక్కడి రక్తంతోనే సుమారు మూడు వారాలు బ్రతుకుతుంది. క్రొత్తచోట రక్తనాళాలు కుదురుకొన్న తరువాత ఆ కాడను కోసివేస్తారు.