మీకు తెలుసా? రవ్వ గ్యాస్‌లో ఎవరి వాటా ఎంత?

కోనసీమలో సూరసానియానం ఎదుట, సముద్రంలో ఉన్న రవ్వ క్షేత్రాన్ని 1987లో కనిపెట్టింది మన ఓఎన్‌జీసీయే. కానీ 1994 అక్టోబరులో కుదిరిన ఒప్పందంతో దాన్ని నడిపే పని ఆస్ట్రేలియా కంపెనీ కమాండ్ పెట్రోలియం చేతికెళ్లింది. రెండేళ్లకే ఆ కంపెనీని స్కాట్లండ్‌కు చెందిన కెయిర్న్ కొనేసింది. 2011లో కెయిర్న్ ఇండియా కాస్తా లండన్ వేదాంత గుప్పిట్లోకి పోయింది. బావులు ఉన్నచోటే ఉన్నాయి, నడిపేవాళ్లే మారారు.

ఒప్పందంలో వాటాలు ఇలా: ఓఎన్‌జీసీకి 40 శాతం, వీడియోకాన్‌కు 25 (అవును, టీవీల వీడియోకానే!), నడిపే కెయిర్న్‌కు (మొదట్లో కమాండ్‌కు) 22.5, సింగపూర్ సంస్థ రవ్వ ఆయిల్‌కు 12.5. నడిపేవాడికి పావలా వంతైనా లేదన్నమాట.

అసలు గ్యాస్ వీళ్లెవరిదీ కాదు. రాజ్యాంగం 297వ అధికరణం ప్రకారం సముద్రగర్భంలోని ఖనిజాలు కేంద్రానివి. కంపెనీలు ముందు పెట్టిన ఖర్చు రాబట్టుకుని, మిగిలిన లాభాన్ని ప్రభుత్వంతో పంచుకోవాలి. కృష్ణా-గోదావరి బేసిన్‌లోని రిలయన్స్ క్షేత్రం కేజీ-డీ6 గ్యాస్ కోసం అంబానీ సోదరుల సంస్థలు కోర్టుకెక్కితే, వినియోగదారుడికి చేరేదాకా అది ప్రభుత్వానిదేనని 2010లో సుప్రీంకోర్టు తేల్చింది. మరుసటి ఏడాదే కేజీ-డీ6 సహా పలు రిలయన్స్ బ్లాకుల్లో బ్రిటన్ కంపెనీ బీపీ 30 శాతం వాటా కొంది.

గ్యాస్‌ను బయటి నుంచి కొనుక్కునే చిన్న దేశం మాల్డోవా కథ వేరు. అక్కడి గ్యాస్ సంస్థ మాల్డోవాగాజ్‌లో రష్యా గాజ్‌ప్రోమ్‌కు 50 శాతం వాటా ఉంది, మాల్డోవా ప్రభుత్వానికి 36 శాతం కూడా లేదు. అమ్మేదీ, కొనే సంస్థలో పెద్ద వాటాదారూ చాలాకాలం ఒక్కరే.